కోకోపీట్ మిక్సులో టమాటా చిగుళ్లు పసుపెక్కిపోతున్నాయి, ఎరువు పెంచేకొద్దీ ఇంకా పాడవుతోంది, ఏటి చెయ్యాలి?

పర్లాకిమిడి_మేడతోట:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది పర్లాకిమిడి, కిందటేడు మేడ మీద గ్రో బ్యాగులు మొదలెట్టాను, ఇప్పుడు 22 ఉన్నాయి, ఒక్కోటి 15 లీటర్లది. టమాటా 14, మిగతావి మిరప. స్లాబు మీద బరువు పడిపోతుందని మా నాన్నగారు గోల పెడితే మట్టి అసలు లేకుండా మిక్సు కలిపాను, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, వర్మీకంపోస్టు పావు, మిగతా పావు రైస్ మిల్లు బాయిలర్ దగ్గర పారబోసే నల్ల ఊక. అది ఊరికే ఇచ్చీసారు, నాలుగు బస్తాలు తెచ్చుకున్నాను, రెండు వాడాను. పైన బ్యాగుకి ఓ గుప్పెడు కట్టెల పొయ్యి బూడిద కూడా వేసీసాను పొటాష్ ఉంటుందని.

నారు నాటిన నెలకి చిగుళ్లు పసుపెక్కడం మొదలైంది. కింద ఆకులు బాగానే ఉన్నాయి, పైన కొత్తగా వచ్చే ఆకులే, ఈనెలు మాత్రం పచ్చగా గీత గీసినట్టు కనిపిస్తాయి మధ్యలో అంతా నిమ్మపండు రంగు. ఎరువు చాలట్లేదు అనుకుని 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరుకి 2 గ్రాములు వారానికి ఒకసారి ఇచ్చేవాణ్ణి రెండుసార్లు చేశాను. తగ్గలేదు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) వేశాను. తగ్గలేదు. సూక్ష్మపోషకాల పొడి తెచ్చి వేశాను, ఇప్పుడు ఆకుల అంచులు కూడా మాడుతున్నాయి.

బోరు నీళ్లు పోస్తాను. స్ట్రిప్ పెట్టి చూస్తే పిహెచ్ (ఏడు కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 7.5, అంటే దగ్గరదగ్గర న్యూట్రలే కదా పర్లేదనుకున్నాను. నిన్న బ్యాగు కింద నుంచి కారిన నీళ్లు పట్టి చూస్తే 7.9 వచ్చింది. టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) పెడితే బోరు నీళ్లు 410, కింద కారినవి 2100! పెన్ను పాడైందేమో అని మూడుసార్లు చూశాను.

ఇంకో మాట, కోకోలో పిహెచ్ ఎంత ఉండాలి అని వెతికితే వచ్చే చార్టులన్నీ కెనడాలోనూ అమెరికాలోనూ గంజాయి పెంచేవాళ్లు పెట్టినవే. అందులో 5.8 అని ఉంటుంది. మా బావ నా ఫోన్ చూసి "ఒరేయ్ ముందది మూసీ, గజపతి జిల్లాలో ఉండి అదేటి చూడ్డం" అని తిట్టాడు 😂 టమాటాకి కూడా ఆ అంకెలే పనికొస్తాయా? నిమ్మకాయ పిండితే తగ్గుతుందా?

రాయగడ_పాత_రైతు:

బాబూ పుల్ల మజ్జిగలో నీళ్లు కలిపి కొట్టు. వారంలో పచ్చబడతాయి. మేం చిన్నప్పటినుంచీ అదే.

బరంపురం_బాల్కనీ:

తమ్ముడూ నీ పోస్టు చదువుతుంటే మూడేళ్ల కిందటి నా బాల్కనీయే కనిపించింది, నేనూ అచ్చు ఇలాగే ఎరువు మీద ఎరువు వేసి పద్దెనిమిది క్యాప్సికమ్ మొక్కల్ని పీకి పారేశాను. కాబట్టి ముందు ఒకటి చెప్తాను, ఇవాళ్టినుంచి ఏ పొడీ వెయ్యకు. నీ బ్యాగులో తిండి లేక కాదు. 2100 అంటే తిండి పొర్లిపోతోంది. మొక్క తినలేకపోతోంది.

పసుపు ఎక్కడ మొదలైందన్నదే అసలు ఆనవాలు. మెగ్నీషియం తక్కువైతే మొక్క ముసలి ఆకుల్లోంచి లాక్కుని చిగురుకి పంపించుకుంటుంది, అందుకని పసుపు కింద మొదలవుతుంది. ఇనుము అలా కాదు, ఒకసారి ఆకులో కూర్చుంటే మళ్లీ కదలదు, కొత్తగా రాకపోతే చిగురే ఆకలితో ఉంటుంది. నువ్వు చెప్పింది పై ఆకులు, పచ్చ ఈనెలు. అది ఇనుమే. ఎప్సమ్ సాల్ట్ వెయ్యడం అంటే కాలు నొప్పికి చేతికి కట్టు కట్టడం.

మరి సూక్ష్మపోషకాల పొడిలో ఇనుము ఉంటుంది కదా అంటావ్. ఉంటుంది. కానీ పిహెచ్ ఒక్క అంకె పెరిగితే మామూలు ఇనుము నీళ్లలో కరగడం వెయ్యింతలు తగ్గిపోతుంది. పిహెచ్ 6కీ 7కీ తేడా ఒకటే కదా అనుకుంటాం గానీ ఆ లెక్క పదింతల లెక్క, నీ 7.9కీ వాళ్ల 5.8కీ మధ్య ఆమ్లం తేడా వందకి పైమాటే. మాంగనీసు, జింకు, బోరాన్ కూడా అలాగే చేతికందకుండా పోతాయి, భాస్వరం కాల్షియంతో కలిసి గట్టిపడి కూర్చుంటుంది. పోనీ అని మరీ కిందికి 5 కన్నా తగ్గించేస్తే అప్పుడు కాల్షియం మెగ్నీషియం అందవు, మాంగనీసు విషమవుతుంది. అందుకే కోకోలో 5.8 నుంచి 6.3 లోపల ఉంచమంటారు. టమాటా, మిరప, నువ్వు చూసిన ఆ చార్టులో మొక్క, దేనికైనా కోకోలో పిహెచ్ లెక్క ఇంచుమించు ఇదే. కెనడాలో 2018 నుంచి అది చట్టప్రకారమే కాబట్టి వాళ్లు కూర్చుని కొలిచి రాసుకున్నారు. మనకి 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 20వ సెక్షనుంది, పెంచితే పదేళ్ల దాకా జైలు, మీ బావ తిట్టడంలో తప్పేమీ లేదు 😄 పిహెచ్ అంకె తీసుకో, వాళ్ల ఎరువు మోతాదులు మాత్రం తీసుకోకు, ఆ పంటా ఆ లైట్లూ వేరు.

ఇప్పుడు అసలు దొంగలు ఎవరంటే ముగ్గురున్నారు. మొదటిది ఆ నల్ల ఊక. బాయిలర్లో కాలిన ఊక అంటే సగం బూడిదే, బూడిదంటే క్షారం. పైగా నువ్వు కట్టెల బూడిద కూడా వేశావు, అది సున్నం వేసినట్టే. మట్టిలో అయితే ఓ గుప్పెడు వేసినా ఆ ఎర్రమట్టి కొంత ఓర్చుకుంటుంది, కోకోకి అంత ఓపిక లేదు.

రెండోది నీళ్లు. ఇక్కడే నేనూ మోసపోయాను. నీళ్ల పిహెచ్ వేరు, నీళ్లలో ఉన్న క్షారత వేరు. 7.5 అన్నది ఇవాళ నీళ్లు ఎలా ఉన్నాయో చెప్తుందంతే, అందులో బైకార్బొనేట్ ఎంత ఉందో చెప్పదు. వాన నీళ్ల పిహెచ్ కాస్త అటూఇటూ ఉన్నా చటుక్కున మారిపోతుంది, బోరు నీళ్లు మారవు, మొండివి. రోజూ లీటరో రెండు లీటర్లో పోస్తూ పోతే రోజూ చిటికెడు సున్నం వేసినట్టే. టమాటా వేరు తనంతట తను ఆమ్లం వదిలి ఇనుము కరిగించుకోగలదు నిజానికి, కానీ అది వదిలినదాన్ని వదిలినట్టు ఈ బైకార్బొనేట్ మింగేస్తుంది. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెళ్లు కడుతుందా? కడితే అదే.

అక్వేరియం షాపులో కేహెచ్ టెస్ట్ కిట్ అని దొరుకుతుంది, చేపలవాళ్లు వాడతారు. 5 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో చుక్కా వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలి, ఒక చుక్కంటే సుమారు 18 పీపీఎం (లీటరుకి 18 మిల్లీగ్రాముల) క్షారత. అది చేసి చెప్పు, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

మూడోది 19:19:19. దానిలో నత్రజనిలో సగానికి పైగా యూరియా, కాల్షియం అసలు లేదు, భాస్వరం మాత్రం టమాటాకి కావలసినదానికన్నా చాలా ఎక్కువ, ఆ ఎక్కువ భాస్వరం మళ్లీ ఇనుమునే పట్టుకుంటుంది. మంచి ఎరువే, కానీ కోకోలో అదొక్కటే పెట్టి పెంచడం అంటే రోజూ పులిహోర ఒక్కటే పెట్టడం.

పెద్దాయనకి, మజ్జిగ తప్పని అనను. ఆకుమీద తెగుళ్లకి కొడతారు, పనిచేస్తుంది. వేరు దగ్గర నీళ్ల క్షారతని మజ్జిగ ఆపలేదు.

ఉద్దానం_కొబ్బరి:

నాది కవిటి వైపండి. బరంపురం అన్నయ్య అంతా చెప్పీసారు గానీ ఒకటి ఒగ్గేశారు. కోకోపీట్ కడిగారా మీరు?

మా దగ్గర పీచు మిల్లుల నుంచి వచ్చే పొట్టు చూస్తుంటాను కదా, సముద్రం పక్క చెట్లు, ఉప్పునీటి గుంటల్లో నానబెట్టిన డొక్కలు, ఆ పొట్టులో ఉప్పు అలాగే ఉండిపోతుంది. కొన్ని ఇటుకల మీద 'లో ఈసీ' (ఉప్పు తక్కువ) అని అచ్చేస్తారు, అన్నిటినీ నమ్మకూడదు. కొంచెం నానబెట్టి ఆ నీళ్లలో పెన్ను పెట్టండి, 300 దాటితే కడగాల్సిందే.

కడిగినా సరిపోదండీ. కోకో పొట్టు పొటాషియంనీ సోడియంనీ గట్టిగా పట్టుకుని ఉంటుంది, మనం కాల్షియం వేసేసరికి వాటిని వదిలీసి కాల్షియంని పట్టుకుంటుంది, అంటే మొక్కకి వెయ్యాల్సింది కోకో తినేస్తుంది. అందుకని నాటకముందే కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి మర్నాడు వార్చీయాలి. 5 కిలోల దిమ్మకి నేను వంద గ్రాములు వేస్తాను, అది విప్పితే అరవై డెబ్భై లీటర్ల పొట్టవుతుంది. మా ఊళ్లో నర్సరీవాళ్లు ఎవరూ చెయ్యరిది, టైము లేదంటారు, తర్వాత కాయ అడుగున నల్లమచ్చ వచ్చిందని ఫోన్లు చేస్తారు.

కాల్షియం నైట్రేట్‌నీ ఎప్సమ్‌నీ, 19:19:19నీ చిక్కగా ఒకే డబ్బాలో కలపొద్దు, పెరుగు విరిగినట్టు తెల్లగా అడుక్కి దిగిపోతుంది. వేరే వేరే రోజు ఇవ్వండి.

పర్లాకిమిడి_మేడతోట:

అయ్యబాబోయ్ మూడూ చేశాను నేను 🙈 కడగలేదు, నానబెట్టి విప్పేసి నింపీసాను. ఇటుక మీద లో ఈసీ అనే ఉంది.

నిన్న పనిమీద బరంపురం వచ్చి కిట్ కొన్నాను. మా అమ్మాయి చుక్కలు లెక్కపెట్టింది, 14వ చుక్కకి నీలం పోయి పసుపొచ్చింది. అంటే 250 కదా? గిన్నె అడుగున పెళ్లు కట్టడమేటి, మా గీజరు కాయిలే రెండేళ్లకోసారి మారుస్తున్నాం. ఆర్వో మిషను (తాగేనీళ్ల ఫిల్టరు) నుంచి బయటకి పోయే నీళ్లు వేస్టవుతున్నాయని నాలుగు బ్యాగులకి అవే పోస్తున్నాను, అవే అన్నిటికన్నా పసుపు. ఇప్పుడర్థమైంది.

సిట్రిక్ యాసిడ్ కిరాణాలో దొరికింది, నిమ్మఉప్పు. బకెట్టుకి ఎంత?

బరంపురం_బాల్కనీ:

ఆర్వో వేస్టు నీళ్లు అంటే బోరు నీళ్లలో ఉన్నదంతా ఇంకా చిక్కబడినవి. వాటితో గచ్చు కడుక్కో. వాన నీళ్లు ఏమైనా డ్రమ్ములో పట్టావా? ఏసీ నుంచి కారే నీళ్లైనా సరే, వాటిలో ఉప్పు ఉండదు. బోరువి సగం వానవి సగం కలిపితే 250 కాస్తా 125 అవుతుంది, ఆమ్లం కూడా సగమే చాలు.

ఒట్టి బోరు నీళ్లే అయితే 15 లీటర్ల బకెట్టుకి నిమ్మఉప్పు సుమారు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. ఒకేసారి వెయ్యకు, పావు పావు వేసి కలుపుతూ చూసుకో, 6 దగ్గర ఆపెయ్. నిమ్మకాయ పిండినా అదే పనిగానీ ఒక్కో కాయలో ఎంతుందో ఎవడికి తెలుసు, పైగా మేడ మీదకి చీమలు. అయితే నిమ్మఉప్పు ఎల్లకాలం వాడేది కాదు, మిక్సులో సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, తినేశాక క్షారత మళ్లీ తిరిగొస్తుంది. ఇప్పుడు కడగడానికి పర్లేదు.

కడగడం ఎలాగంటే, పొద్దున్నే ఆ పుల్ల నీళ్లు బ్యాగుకి 30 లీటర్లు, గబగబా కాదు, మూడు నాలుగు విడతలుగా. కారిన నీళ్లలో టీడీఎస్ 800కి దిగేదాకా పొయ్యి. చివరి విడతలో మాత్రం ఒట్టి నీళ్లు కాకుండా కాల్షియం నైట్రేట్ లీటరుకి అర గ్రాము కలిపి పొయ్యి, లేకపోతే కడిగేసిన కంచం ముందు కూర్చోబెట్టినట్టు అవుతుంది మొక్కని. 22 బ్యాగులూ ఒకరోజే పెట్టుకోకు నడుం పోతుంది, నీళ్లు కిందింటివాళ్ల గోడమీదకి కారకుండా చూసుకో, నాకు అదో పెద్ద గొడవైంది అప్పట్లో.

రాజురా_సున్నపురాయి:

మాది చంద్రపూర్ జిల్లా అన్నా, మహారాష్ట్ర. మా దిక్కు నేలంత సున్నపురాయే, సిమెంటు ఫ్యాక్టరీలు ఊకెనే పెట్టలే. మా బోరుకు 21 చుక్కలు పడ్తయి, నువ్వు 14కే గాబర పడ్తున్నవ్ 😀

జెర రెండు ముచ్చట్లు చెప్త. ఇనుము పొడి కొనేటప్పుడు పాకెట్ మీద చిన్నక్షరాలు చూడు. ఈడీటీఏ (ఇనుమును కరిగినట్టే పట్టుకొని ఉంచే మందు) అని ఉంటే అది పిహెచ్ ఆరున్నర దాటినంక ఇనుమును విడిచిపెడ్తది, నీ 7.9ల ఏసినా పైసలు నీళ్లల్ల పోసినట్టే. డీటీపీఏ అయితే ఏడు ఏడుంబావు దాంక ఆగుతది. ఈడీడీహెచ్ఏ అని ముదురు ఎర్రగ ఉంటది, అది తొమ్మిది దాంక పనిచేస్తది, రేటు మస్తుంటది గని చిటికెడు చాలు. నువ్వు ఏసిన మిక్చరుల ఉన్నది మామూలుగ ఈడీటీఏనే అయుంటది, గందుకే దిగలే. బ్యాగు పిహెచ్ దిగేదాంక ఈడీడీహెచ్ఏ ఒక్కసారి ఇయ్యి, తర్వాత అగ్గువది నడుస్తది.

ఇంకోటి, స్ట్రిప్‌ను నమ్మకు, ఆ రంగు పొద్దుగాల ఒకతీరు మాపటికి ఒకతీరు కొడ్తది. పసుపు రంగు పిహెచ్ పెన్ను కొను, దానితోని వచ్చే 4, 6.86 పొడులు బ్యాటరీ నీళ్లల్ల కలిపి సెట్ చేసుకో, నెలకోసారి. పెన్ను కొసను మంచి నీళ్లల్ల మాత్రం నానబెట్టి పెట్టకు, పాడైతది, దానికి కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) ద్రావణం ఉంటది. నేను రెండు పెన్నులు ఖరాబు చేసినంక తెలిసింది.

యాసిడ్ షాపుకు పోయి బ్యాటరీ యాసిడ్ తెద్దామనుకుంటవేమో, మా దోస్తు ఒగడు గట్లనే చేసి ప్యాంటుకు బొక్కలు పడ్డయి, దేవుని దయ కండ్లు బచాయించినయి. ఏ యాసిడ్ అయినా నీళ్లల్లకు యాసిడ్ పొయ్యాలె, యాసిడ్‌ల నీళ్లు పొయ్యద్దు. ఇంట్ల పోరలు ఉంటే నిమ్మఉప్పుతోనే కానియ్యి.

బరంపురం_బాల్కనీ:

రాజురా అన్న చెప్పిన ఈడీటీఏ సంగతి నేను మర్చిపోయాను, కరెక్టు. ఫాస్ఫారిక్ యాసిడ్ వాడమని ఎవరైనా చెప్తారు నీకు, చాలామంది చెప్తారు. 250 క్షారతకి దాంతోనే దింపాలంటే భాస్వరం లెక్కకు మించి పడిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది కథ. సగం వాన నీళ్లే నీకు మందు. ఇంకా కావాలంటే అమ్మోనియం సల్ఫేట్ వారానికోసారి లీటరుకి పావు గ్రాము. వేరు అమ్మోనియం తీసుకున్నప్పుడల్లా బయటికి ఆమ్లం వదులుతుంది, నైట్రేట్ తీసుకుంటే దానికి ఉల్టా. అంటే లోపల్నుంచి పిహెచ్ దిగుతుంది. పూత కాయ మీద ఉన్నప్పుడు మాత్రం ఆపెయ్, అమ్మోనియం ఎక్కువైతే కాల్షియం లోపలికి రాదు.

పర్లాకిమిడి_మేడతోట:

మూడు వారాలైంది, ఏమైందో చెప్పకుండా పోతే బాగోదని వచ్చాను.

18 బ్యాగులు కడిగాను, నాలుగు కావాలనే ఒగ్గేశాను తేడా చూద్దామని. మొదటి బ్యాగులోంచి కారిన నీళ్లు టీ డికాషన్‌లా ఉన్నాయండి, టీడీఎస్ 2600 చూపించింది. ఆరో విడతకి 780. అరగంట ఆగి బ్యాటరీ నీళ్లు ఓ గ్లాసు పైన పోసి కింద పట్టి చూస్తే పిహెచ్ 6.7. వారం తర్వాత మళ్లీ 7.1కి ఎక్కింది! ఆ నల్ల ఊక లోపలుంది కదా ఊరుకోదు. అప్పట్నుంచి రోజూ బోరు సగం డ్రమ్ములో వాన నీళ్లు సగం, పిహెచ్ 5.8 చేసి పోస్తున్నాను, ఈవేళ 6.4.

ఈడీడీహెచ్ఏ మా ఊళ్లో దొరకలేదు, శ్రీకాకుళం నుంచి మా మరదలు తెచ్చింది. పోసిన తొమ్మిదో రోజుకి చిగురు లోపల్నుంచి పచ్చగా వస్తోంది. పాత పసుపు ఆకులు అలాగే ఉన్నాయి, అంచులు మాడినవి తెంపీసాను. మిరప బేగి తేరుకుంది, టమాటాలో మూడు మొక్కలు ఇంకా మొండికేస్తున్నాయి. ఒగ్గేసిన నాలుగూ చూడ్డానికి పసుపు పూల మొక్కల్లా ఉన్నాయి, మా ఆవిడ వాటిని పాపం అంటోంది, రేపు వాటికీ కడుగుడు.

మూడు టమాటాలకి కాయ అడుగున నల్లమచ్చ ఉంది. ఇది కాల్షియమేనా?

ఉద్దానం_కొబ్బరి:

కాల్షియమేనండి, కానీ పొడి వేస్తే పోయేది కాదు. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచేస్తే కాల్షియం కాయదాకా ఎక్కదు, అది నీళ్లతోపాటే ప్రయాణం. ఆ కాయలు తెంపీసి, పొద్దున కొంచెం సాయంత్రం కొంచెం పొయ్యండి, కింద నుంచి ప్రతిసారీ ఓ పదోవంతు కారాలి. తర్వాతి కాపు బాగుంటుంది. కోకో తడి వేలితో చూడండి, పైన ఎండినట్టే ఉంటుంది లోపల తడిగా ఉంటుంది.

పర్లాకిమిడి_మేడతోట:

అలాగేనండి. అన్నట్టు ఇంట్లో నల్ల ఊక రెండు బస్తాలు మిగిలిపోయింది, ఎవరికైనా కావాలా, ఊరికే ఇచ్చేస్తాను.

రాయగడ_పాత_రైతు:

గిన్నెలు తోముకోడానికి మా ఇంట్లో అడుగుతున్నారు బాబూ. ఒక బస్తా ఉంచు.

రాజురా_సున్నపురాయి:

😂😂 జెర దూరమైపోయిన గని లేకపోతే రెండోది నేనే పట్టుకపోదును.